నడుం తాడు

నాన్నమ్మ దినాలు అయిపోయిన మర్నాడు ఇల్లు సర్దుతుంటే అటక మీద నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి దొరికింది. ఇంజిన్ ఆయిల్ వచ్చే డ్రమ్ము, పైభాగం కోసేసి మూతలా పాత చీర ముక్క కట్టి ఉంది. నాన్నమ్మ దాచుకున్నవేవో ఉంటాయనుకుని విప్పాను. చిరిగిన వల ముక్కలు, సీసపు గుళ్ళు, ఒక చెవి మిషను, అన్నిటికీ అడుగున చుట్ట చుట్టి పెట్టిన తాడు. నైలాను తాడు, ఒకప్పుడు ఆకుపచ్చ. ఉప్పు పట్టి కర్రలా బిగుసుకుపోయింది. మధ్యలో ఒక పెద్ద ముడి, రెండు కొసల్లో రెండు ఉచ్చులు. ఒక ఉచ్చుకి నడుం ఒరుసుకోకుండా పాత లుంగీ గుడ్డ చుట్టి కుట్టి ఉంది. ఆ కుట్టు నాన్నమ్మది. కింద నుంచి నాన్న ఏం దొరికిందని అడిగితే తాడు కిందికి వదిలాను. ఆయన పట్టుకుని చూసి, గోడకున్న మేకుకి తగిలించి, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తాడు మా చిన్నాన్న పోలయ్యది. నాన్నకి ఒక్కడే తమ్ముడు, పుట్టు చెవుడు. వినబడదు గనక మాట రాలేదు, మాట రాలేదు గనక ఊరికి మూగోడయ్యాడు. మా ఊరు భావనపాడు మొత్తం మీద ఆయన అసలు పేరు పలికేది నాన్నమ్మ ఒక్కతే. వినబడదని తెలిసినా ఆవిడ ఆయనతో రోజంతా నోటితోనే మాట్లాడేది. అన్నం పెడుతూ తిట్టేది, ఆయన వల బాగు చేసుకుంటుంటే పక్కన చేరి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. ఎందుకే ఊరికే వాగుతావు, ఆయనకి వినబడదు కదా అని నేనంటే, నీకు వినబడతాది కదా, నువ్వు నా మాట వింటన్నావేటి అని నా మీద పడేది.

మా ఇల్లంతా ఆయన చుట్టూ అమరిపోయిన ఇల్లు. ఆయన్ని పిలవాలంటే మడమతో నేలని గట్టిగా తొక్కాలి. మట్టి నేల కదా, ఆ అదురు ఇటు గోడ నుంచి అటు గోడకి పోయేది, ఆయన తల తిప్పి చూసేవాడు. నాన్న ఒకసారి నాలుగు చేపలు బాగా పడ్డ రోజుల్లో నేల సిమెంటు చేయిస్తానన్నాడు. నాన్నమ్మ ఒప్పుకోలేదు. సిమెంటు మీద తొక్కితే నీ కాలే నొప్పెడతాది, ఆడికేటి తెలుస్తాది అంది. అందుకని ఊళ్ళో అందరి నేలలూ నున్నగా మెరుస్తున్నా మా ఇల్లు మాత్రం వారం వారం పేడతో అలుక్కునేదే. అమ్మ పొద్దున్నే పలాస జీడిపప్పు బట్టీల్లో పనికి పోయి చీకటి పడ్డాక వచ్చేది గనక నేను పెరిగింది నాన్నమ్మ, చిన్నాన్నల మధ్యే. వాకిట్లో ఎండే నెత్తళ్ళ చేపల వాసన, మూలన పెట్టిన ఇంజిన్ నుంచి డీజిలు వాసన, ఆ రెండూ బట్టలకి పట్టకూడదని నాన్నమ్మ ట్రంకు పెట్టెలో పడేసే మొగలి రేకుల వాసన. చివరికి బడికి వేసుకుపోయే గౌనుకి మూడూ కలిసి పట్టేవి.

చిన్నాన్నకీ మాకూ ఒక భాష ఉండేది. ఎవరూ నేర్పింది కాదు, ఇంట్లో పుట్టింది. ముక్కు పక్క వేలు పెడితే నాన్నమ్మ, ఆవిడ ముక్కుపుడక. మీసం దువ్వితే నాన్న. చెవి తమ్మె పట్టుకుంటే నేను. పసిదానిగా ఆయన ఎత్తుకున్నప్పుడల్లా ఆయన చెవి పట్టుకుని నిద్రపోయేదాన్నట. బయటివాళ్ళు ఎవరొచ్చినా ఆయన ముందు నా కోసం చూసి చెవి తమ్మె పట్టుకునేవాడు, రా, ఏమంటున్నారో చెప్పు అని. బ్యాంకులో, ఆస్పత్రిలో, రేషను కొట్లో ఆయన నోరు నేనే. ఒకసారి టెక్కలిలో క్యాంపు పెట్టి దండ వేసి ఫోటో తీసి చెవి మిషను ఇచ్చారు. పెట్టుకుంటే అది కుక్కర్ కూతలా కీచుమంది. ఆయనకి ఆ కూత వినబడలేదు, చుట్టూ ఉన్నవాళ్ళం మేమే చెవులు మూసుకున్నాం. బ్యాటరీ అయిపోయేదాకా మా మర్యాద కోసం పెట్టుకుని తర్వాత తీసేశాడు.

సముద్రం మీద చేపల వేటలో మాత్రం తొక్కడానికి నేల లేదు. పిలుపు అందనివాణ్ణి ఏ పడవలోకీ ఎక్కించుకోరు, తప్పు పట్టలేం, ఒక్కడు ఆలస్యం చేస్తే పడవలో అందరి ప్రాణాలూ పోతాయి. అందుకని అన్నదమ్ములిద్దరే చిన్న ఫైబర్ పడవ మీద పోయేవారు. వెనక ఇంజిన్ దగ్గర నాన్న, ముందు కొసన చిన్నాన్న, ఇద్దరి నడుములకీ మధ్య ఈ తాడు. ఒకసారి లాగితే వల వదులు. రెండుసార్లు లాగితే వల లాగు. గుంజి పట్టి పొడుగ్గా లాగితే కూర్చుని పట్టుకో, కెరటం వస్తోంది. తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే చోట ఆ మూడోదే ప్రాణం. ముందువాడు పడవ ఇసుకకి తగలగానే దూకాలి గనక పడవకి కట్టిన మోకు పట్టుకుని ఒడ్డు వైపు తిరిగి నిలబడి ఉంటాడు. కెరటం వచ్చేది వెనక నుంచి. చూసేది నాన్న ఒక్కడే.

ఊరు ఊరుకుంటుందా. అన్న తమ్ముణ్ణి ఎద్దులా కట్టి తోలుతున్నాడనేవారు. పిల్లలు నడుముకి గోగునార కట్టుకుని ఒకడు లాగుతుంటే ఒకడు అంబా అని అరుస్తూ మా ఇంటి ముందే ఆడేవారు. ఒకసారి ఇచ్ఛాపురం వైపు నుంచి చిన్నాన్నని చూసుకోవడానికి పెళ్ళివాళ్ళు వచ్చారు. వాళ్ళు సముద్రం ఒడ్డుకి వచ్చేసరికి పడవ కూడా వచ్చింది, చిన్నాన్న తాడుతోనే దిగాడు. పిల్ల మేనమామ నాన్నని పక్కకి పిలిచి, కుర్రోడికి మతి సరిగా లేదా, కట్టీసినారేటి అని అడిగాడు. నాన్న ఎంత చెప్పినా వాళ్ళు మజ్జిగైనా పుచ్చుకోకుండా వెళ్ళిపోయారు. చిన్నాన్న నన్ను చూసి చెవి తమ్మె పట్టుకున్నాడు. నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. ఆ సాయంత్రం చేపల కత్తితో తాడు మధ్యకి తెగ్గోసి పెరట్లో పారేశాడు. నాన్న దాన్ని తెచ్చి ముడి వేశాడు, నాన్నమ్మ ఉచ్చుకి మెత్తగా గుడ్డ కుట్టింది. మర్నాడు మళ్ళీ అదే తాడుతో వేటకి పోయారు, ఎందుకంటే బియ్యం కావాలి.

మాధురి మేడమ్ మా ఊరు వచ్చింది ఆ తర్వాతి వేసవిలో. విశాఖపట్నంలో ఏదో పెద్ద కాలేజీలో పరిశోధన. వినబడనివాళ్ళకి పనికొచ్చే వస్తువులు చేస్తారట, చెవిటివాళ్ళు వేటకి పోతారని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. కళ్ళజోడు, కాటన్ చీర, నెత్తళ్ళ పులుసు పెడితే ముక్కు ఎగబీలుస్తూ రెండోసారి వేయించుకుంది. అక్కడే నాన్నమ్మకి నచ్చేసింది. ఆవిడ మంచిది, ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథ ఇక్కడి నుంచి చెడ్డది. మా ఇంటి సైగలన్నీ నేర్చుకుంది. నేల తొక్కి పిలవడం చూసి పిల్లలా సంబరపడి తనూ తొక్కింది. చిన్నాన్న ఆవిడకి కళ్ళజోడు పైకి తోసుకునే సైగ పేరుగా పెట్టాడు. ఊళ్ళోకి ఆఫీసర్లు చాలామంది వచ్చారు గానీ ఆయన పేరు పెట్టింది ఆవిడ ఒక్కదానికే.

తాడు సంగతి అడిగింది. ఎలా లాగుతారు, ఎన్నిసార్లు, దేనికి ఏది? నేను చిన్నాన్నని అడిగి చెప్పాను. చిన్నాన్న ఇసుకలో నిలబడి చేత్తో లాగి చూపించాడు, ఒకటి, రెండు, పొడుగ్గా ఒకటి. నాన్న కొంచెం దూరంగా నిలబడి, ఆడ మనిషితో మాట్లాడాలంటే ఆయనకి మొహమాటం, ఔనౌను అలాగే అన్నట్టు తలాడించాడు. నేను పడవలో వచ్చి చూడొచ్చా అని మాధురి అడిగింది. నాన్నమ్మ వెంటనే వద్దంది. మా వాళ్ళలో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు. ఆడది ఎక్కితే గంగమ్మ తల్లికి కోపం వస్తుందని నమ్మకం, చేపలు ముట్టేదీ అమ్మేదీ ఎండబెట్టేదీ అంతా ఆడవాళ్ళే అయినా సరే. మాధురి నొచ్చుకోలేదు. మీ ఆచారం మీది, నేను ఇక్కడ నుంచే చూస్తాను అంది. ఎంత మర్యాదగా అందో నాకిప్పటికీ గుర్తే. ఆ మర్యాదే మా కొంప ముంచింది. తాడు గురించి ప్రశ్నలు అడిగింది ఒక ఆడది, జవాబులు చెప్పింది ఇంకో ఆడది, ఇద్దరిలో ఒక్కరం కూడా ఆ పడవ ఎక్కి ఎరగం. వాళ్ళ సారు ఒకాయన మా బదులు ఎక్కాడు. సముద్రం నూనెలా ఉన్న రోజు చూసి తీసుకెళ్ళారు. ఆయన కాస్త దూరం పోగానే వాంతులు మొదలుపెట్టి, తిరిగి కెరటాల్లోంచి వచ్చేటప్పుడు పడవ అడుగున కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

కొన్ని నెలలకి పట్టీ వచ్చింది. వాచీ లాంటిదే, నల్లటి రబ్బరు, చిన్నాన్న మణికట్టుకి ఒకటి. దానికి జతది నాన్న మణికట్టుకి, మీద ఒక బొత్తాం. నాన్న నొక్కితే చిన్నాన్న చేతి మీద అది వణుకుతుంది. ఒకసారి నొక్కితే ఒక వణుకు, రెండు నొక్కితే రెండు, నొక్కి పట్టుకుంటే పొడుగ్గా. తాడు చెప్పేదంతా అది చెప్పింది. నీళ్ళలో ముంచి చూపించారు, ఉప్పునీళ్ళలో రోజుల తరబడి పెట్టి చూపించారు. నాన్నమ్మ ఒక్కతే పెదవి విరిచింది. తాడు తడిస్తే బిగుస్తాది, అది తడిస్తే సస్తాది అంది. అందులో మాత్రం ఆవిడ లెక్క తప్పింది. అది చావలేదు.

ఆ వర్షాకాలం నుంచి చలికాలం దాకా చిన్నాన్న ఉన్నంత సంబరంగా నేను మళ్ళీ ఏ మనిషినీ చూడలేదు. పడవ దిగి ఒడ్డున నడుస్తూ ఎవరు ఎదురైనా ఖాళీ నడుం మీద రెండు చేతులతో తట్టి చూపించేవాడు, చూడు, ఏమీ లేదు అని. ఆ తట్టడం మా భాషలో కొత్త సైగ అయిపోయింది. పండగ అన్నా, మంచి రోజన్నా, సినిమా బాగుందన్నా నడుం తట్టడమే. కొత్త చొక్కా కుట్టించుకుని చేతులు పైకి మడిచేవాడు, పట్టీ కనబడాలని. గోగునార పిల్లలు ఇప్పుడు ఆయన వెంటపడి వాచీ చూపించమనేవారు. ఇచ్ఛాపురం వాళ్ళకి మళ్ళీ కబురు పెడదామా అని నాన్నమ్మ ఆలోచన చేసింది కూడా. తాడు వదిలేయకుండా ఉండాల్సిందని తర్వాత ఎంతమంది అన్నారో. వాళ్ళెవరూ తాడు కట్టించుకున్నవాళ్ళు కారు. వాళ్ళకి నేను జవాబు చెప్పడం మానేశాను.

ఆ రోజు తుఫానేమీ కాదు. గాలి కొంచెం తిరిగింది, ఒడ్డున కెరటం మామూలు కంటే ఎత్తుగా ఉంది, అంతే. నేను బడి నుంచి వచ్చి నాన్నమ్మతో పాటు ఎండిన చేపలు ఎత్తుతున్నాను. పడవ రావడం చూశాను. ముందు చిన్నాన్న నిలబడి ఉన్నాడు. వెనక కెరటం లేవడం నేనూ చూశాను. నాన్నమ్మ ఒడ్డున నిలబడి, ఒరే పోలయ్యా కూకో అని అరిచింది. జీవితమంతా వినబడని కొడుకుతో మాట్లాడిన మనిషి, ఆ రోజూ అలాగే అరిచింది. పడవ వెనక భాగం లేచింది, చిన్నాన్న ముందుకి పడ్డాడు, పడవ ఆయన మీదుగా పోయింది. ఈదడం రానివాడు కాదు. ఒడ్డుకి తెచ్చేసరికి తల ఒక పక్క పగిలి ఉంది. నేను చెయ్యి పట్టుకుంటే మణికట్టు మీద పట్టీ ఉంది, దాని మీద చిన్న పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

మాధురి దినాల తర్వాత వచ్చింది. పట్టీ తీసుకురమ్మని పైవాళ్ళు పంపారట, దానికోసం రాలేదు, మిమ్మల్ని చూడ్డానికే వచ్చాను అంది. గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. నాన్నమ్మ ఏడవలేదు. ట్రంకు పెట్టెలోంచి పట్టీ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. మొగలి వాసన గుప్పుమంది.

"తీస్కెల్లమ్మా. అది పాడవనేదు," అంది. తర్వాత, "అది ఆడికి సెప్పినాదా?" అని అడిగింది.

మాధురి నాన్న వైపు చూసింది. నాన్న గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. అంతకుముందెప్పుడూ ఆవిడతో నేరుగా మాట్లాడింది లేదు, ఏదైనా నాతో చెప్పించేవాడు. ఆ రోజు తనే మాట్లాడాడు.

"నొక్కనేదమ్మా. ఓ సెయ్యి ఇంజిన్ పిడి మీదున్నాది, ఓ సెయ్యి పడవంచు మీదున్నాది. మూడో సెయ్యి నాకేదీ?"

"మరి తాడు ఎలా లాగేవారండీ?" అంది మాధురి.

"సేత్తో నేదమ్మా. కెరటం వత్తే ఎనక్కి వాలిపోయీవోడిని. నడుమే లాగీది. ఆడు కూకునీవోడు."

"ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు."

"నువ్వడగనేదు. నాకూ తెల్దు, అది సెప్పాల్సిన మాటని. నాను లాగుతున్నానని ఎప్పుడూ అనుకోనేదు. కెరటం వత్తే ఎవుడైనా ఎనక్కే వాలతాడు." మళ్ళీ అన్నాడు, "ఆ దినం కూడా వాలినాను. ఆడు నిలబడే ఉన్నాడమ్మా."

నాన్నమ్మ లేచి, కాళ్ళు ఈడ్చుకుంటూ వంటింట్లోకి పోయి, ఆవిడకి అన్నం పెట్టింది. మాధురి తిన్నది.

అదంతా జరిగి చాలా కాలమైంది. నాకు పై చదువుకి దారి చూపింది మాధురే. ఇప్పుడు విశాఖపట్నంలో నా ఉద్యోగం కూడా ఆ గూటిదే. కళ్ళు కనబడనివాళ్ళూ చెవులు వినబడనివాళ్ళూ ఫోన్లో బ్యాంకు పని, రైలు టికెట్టు, ఆస్పత్రి చీటీ సొంతంగా చేసుకోగలుగుతున్నారా అని పరీక్షించి చెప్పే పని. చల్లటి గదిలో కూర్చుని అంతా బాగానే పనిచేస్తోందండీ అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి చేతిలో, ఎక్కడ నిలబడి, ఇంకో చేత్తో ఏం పట్టుకుని ఉండగా అని అడుగుతాను. ఈవిడతో వేగలేమని ఆఫీసులో నాకు పేరుంది. ఉండనీ. మాధురీ నేనూ తరచూ మాట్లాడుకుంటాం, ఆ రోజు మాట మాత్రం ఇద్దరం ఎత్తం.

చిన్నాన్న ఇప్పుడుంటే ఎలా ఉండేవాడో అని లెక్కలు కడుతుంటాను. మా ఊళ్ళో వినబడని పిల్ల ఒకర్తి ఫోన్లో వీడియో పెట్టుకుని రోజంతా చేతులతో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూనే ఉంటుంది. ఎదుటివాళ్ళ మాటని ఫోనే తెలుగు అక్షరాల్లో రాసి చూపిస్తోంది. ఆయన అవేవీ చూడలేదు. మా ఇంటి నేలకి కూడా టైల్స్ వచ్చాయి. ఆయన పోయాక నాన్నమ్మ ఇంకేం అడ్డు చెప్పలేదు, మీ ఇష్టమంది. ఈసారి వెళ్ళినప్పుడు ఎవరూ చూడకుండా ఒకసారి మడమతో తొక్కి చూశాను. మడమ నొప్పి పుట్టింది, అంతే.

తాడు దొరికిన ఆ సాయంత్రం, నన్ను ఒకసారి పడవ మీద తీసుకెళ్ళు అని నాన్నని అడిగాను. ఆయన నా మొహం వంక చూసి ఊరుకున్నాడు. పెద్దవాడైపోయాడు, వేటకి ఇప్పుడు రోజూ పోడు. ఒప్పుకోలేదనే అనుకున్నాను. నిద్రపోయే ముందు చూస్తే మేకుకి తాడు లేదు, పెరట్లో బకెట్టు నీళ్ళలో నానుతోంది.

పొద్దున్న ఒడ్డున ఇద్దరు ముగ్గురు చూశారు, ఒకాయన ఏదో అనబోయాడు. నాన్న పట్టించుకోలేదు. గుడ్డ కుట్టిన ఉచ్చు నా నడుముకి వేసి బిగించాడు, రెండోది తను వేసుకున్నాడు. ముందు కొసన కూర్చోబెట్టాడు. కెరటాలు దాటి కొంత దూరం పోయి, ఇంజిన్ ఆపి, నడుం ఉచ్చు ఒకసారి సర్దుకుని, మళ్ళీ ఇంజిన్ వేసి పడవ వెనక్కి తిప్పాడు. వచ్చేటప్పుడు నన్ను నిలబడమన్నాడు. మోకు పట్టుకుని ఒడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. మా ఇళ్ళూ, చేపలు ఎండేసిన ఇసుకా, నేనూ నాన్నమ్మా ఆ రోజు నిలబడిన చోటూ అన్నీ ఎదురుగా కనబడుతున్నాయి. వెనక ఏముందో ఏమీ తెలియలేదు. ఇంజిన్ మోతలో నాకూ ఏమీ వినబడలేదు.

ఉన్నట్టుండి నడుం దగ్గర తాడు పొడుగ్గా లాగింది. నేను అనుకున్నంత గట్టిగా లేదు. నాన్న ఒళ్ళంతా అందులో ఉంది. ఎందుకని ఆలోచించే లోపలే కూర్చుని పడవంచు పట్టుకున్నాను. కెరటం ఆ తర్వాత వచ్చింది, పడవ లేచింది, నీళ్ళు తలమీద పడ్డాయి, పడవ ఇసుకకి తగిలింది. దూకడం మరిచిపోయి అలాగే కూర్చుండిపోయాను. ఆ రోజు చిన్నాన్న నిలబడే ఉన్నాడు.